తెలుగునేలపై మతం, నాయకత్వం: దానశాసనాలు చెప్పే చరిత్ర

ఆంధ్రదేశ చరిత్రకు ముఖ్యాధారాలు శాసనాలు. వాటిలో అత్యధికం మతసంస్థలకు ఇచ్చిన దానాల పత్రాలే. స్తూపానికో, గుడికో, మఠానికో భూమి, పశువులు, సొమ్ము, నీటి హక్కు ఇచ్చినవారు ఆ సంగతిని రాతి మీదో రాగిరేకుల మీదో చెక్కించారు. దాత ఎవరు, ఎవరి బిడ్డ, ఏ ప్రభువు కొలువులో ఉన్నాడు, ఎవరి పుణ్యం కోసం ఇస్తున్నాడు, తరవాతి వాళ్లు ఆ దానాన్ని ఎలా నడపాలి అన్న వివరాలన్నీ వాటిలో ఉంటాయి. వీటిని వరసగా చదివితే, ఈ నేల మీద పెద్దరికం ఎలా నిలబడిందో తెలుస్తుంది. యుద్ధంలో గెలిచినవాడికి రాజ్యం దక్కేది. అయితే అతన్ని నలుగురూ ప్రభువుగా ఒప్పుకోవడానికి దైవసన్నిధిలో ఇచ్చిన దానం కావలసి వచ్చేది. సామంతులు, సేనానులు, రాచకుటుంబపు స్త్రీలు, వర్తకులు, ఊరి పెద్దలు అందరూ ఈ దారినే నడిచారు. ఆ దానాల వల్ల చెరువులు, సత్రాలు, విద్యాశాలలు వెలిశాయి. ఎవరి స్థానం ఎక్కడో నిర్ణయించడంలోనూ అవే దానాలు పనిచేశాయి.

స్తూపాల కాలం

ఇప్పటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో దొరికిన ధాతుకరండాల మీది లేఖనాలు తెలుగునేలలోని తొలి శాసనాల్లో చేరతాయి. వాటి కాలం స్థూలంగా క్రీ.పూ. 3-2 శతాబ్దులు. బుద్ధుని ధాతువులను భద్రపరచడానికి ఒక నిగమసభ, కొన్ని గోష్ఠులు పూనుకున్నట్టు అవి చెబుతాయి. సింహగోష్ఠి అనే బృందానికి కుబేరకుడనే రాజు ముఖ్యుడు. ఆ పుణ్యకార్యంలో ఊరి సభ్యుల పేర్లూ రాజు పేరూ కలిసే ఉన్నాయి. తరవాతి శాసనాల్లో రాజుకు పంక్తుల కొద్దీ ప్రశస్తి ఉంటుంది. ఇక్కడ అతను ఒక సంఘానికి పెద్ద, అంతే.

అమరావతి స్తూపంలో దాతల పరిధి ఇంకా విశాలం. గృహపతులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు పలకలూ స్తంభాలూ చేయించి ఇచ్చారు. నాగోపాధ్యాయుని కొడుకు విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన ఒక శిలాఫలకాన్ని సమర్పించాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులు అందరితో కలిసి ఇస్తున్నట్టు చెక్కించాడు. తోలుపని చేసే మనిషి తన వృత్తిని దాచుకోకుండా మహాచైత్యం మీద పేరు వేయించుకోగలిగాడు. ఆంధ్రదేశ సామాజిక చరిత్రలో ఈ చిన్న శాసనానికి ఉన్న విలువ చాలా పెద్దది. తరవాతి వెయ్యేళ్ల దేవాలయ శాసనాల్లో ఇలాంటిది దొరకడం బహు కష్టం.

క్రీ.శ. 3వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున విజయపురి రాజధానిగా ఏలిన ఇక్ష్వాకుల ఇంట మతం రెండు పాయలుగా సాగింది. వంశకర్త చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు, మహాసేనుని భక్తుడు. అతని సోదరి చాంతసిరి నాగార్జునకొండ మహాచైత్యాన్ని పునరుద్ధరించింది. ఆమె మేనల్లుడు, అల్లుడు కూడా అయిన వీరపురుషదత్తుని ఏలుబడి ఆరో ఏట ఆ పని పూర్తయింది. రాజు యాగాలతో క్షత్రియ ప్రతిష్ఠ సంపాదించుకుంటే, అంతఃపుర స్త్రీలు బౌద్ధ సంఘాన్ని పోషించి వర్తకుల మద్దతును వంశానికి కూడగట్టారు. అక్కడి ఉపాసిక బోధిసిరి సింహళ భిక్షువుల కోసం చేసిన దానాలు సముద్ర వ్యాపారంతో ఈ మతానికున్న ముడిని తెలుపుతాయి. రోము వర్తకం సన్నగిల్లి, పట్టణాలు కుంగిపోయాక వాటిని నమ్ముకున్న విహారాలూ వెలవెలబోయాయి. నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునగడానికి ముందు 1954 నుంచి జరిపిన తవ్వకాల్లో బయటపడిన కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి, ఒడ్డుకు తరలించారు.

కాకతీయులు: గుడి, చెరువు, ఊరు

మతమూ నాయకత్వమూ కలిసి సమాజాన్ని మలచిన తీరు కాకతీయుల కాలంలో, అంటే 12, 13 శతాబ్దుల్లో, ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ వంశంవారు మొదట కల్యాణి చాళుక్యులకు సామంతులు. అనుమకొండలో పద్మాక్షి గుట్ట మీద 1117లో మంత్రి బేతన భార్య మైలమ జైన బసది కట్టించింది. అదే కాలంలో కాలాముఖ శైవాచార్యుడు రామేశ్వర పండితుడు రాజకుటుంబానికి గురువయ్యాడు. జైనం వెనకబడి శైవం ముందుకొచ్చిన ఈ మలుపును ఒక రాజు మనసు మారడంగా మాత్రమే చూడటం సరికాదు. పొలాలు విస్తరిస్తున్న మెట్టనేలలో ఊరూరా గుడి, ఆ గుడికి భూమి, ఆ భూమికి నీరు అందించగల వ్యవస్థ అప్పుడు శైవం చేతిలో ఉంది.

కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో అనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రేశ్వరుణ్ణి, వాసుదేవుణ్ణి, సూర్యుణ్ణి ఒకే కప్పు కింద ప్రతిష్ఠించాడు. కాకతీయులు స్వతంత్రులైన సంగతిని లోకానికి చాటింది ఆ గుడి శాసనమే. స్వాతంత్ర్య ప్రకటనకు కోట గోడను కాక గుడి ముంగిటిని ఎంచుకున్నారు. ఆ తరవాత తెలంగాణ శాసనాల్లో కన్నడం తగ్గి తెలుగు హెచ్చింది.

తెలంగాణ భూముల్లో ఎక్కువ భాగం ఎగుడుదిగుడు నేల. పెద్ద నదులు లోతున పారతాయి కాబట్టి అప్పటి పనిముట్లతో వాటి నీటిని పొలానికి ఎక్కించడం సాధ్యం కాదు. గుట్టల మధ్య పారే వాగుకు అడ్డంగా కట్ట పోసి వాననీటిని నిలపడమే మార్గం. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రుద్రేశ్వరాలయం కట్టించాడు. జనం రామప్ప గుడి అని పిలిచే ఈ ఆలయానికి దగ్గర్లోనే ఒక మహా తటాకం ఉంది. 2021లో ఆలయం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చెరువు నేటికీ పొలాలు తడుపుతోంది. పాకాల చెరువును జగదాల ముమ్మడి తవ్వించాడు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారం చెరువు కట్టించి, అక్కడి శాసనంలో తన పుట్టింటి వంశావళిని చెక్కించింది. కాకతీయుల తొలి పురుషుల పేర్లు చరిత్రకారులకు తెలియడానికి ఆ చెరువుగట్టు శాసనమే పెద్ద ఆధారం.

చెరువు తవ్వించడం ధర్మకార్యం. కొడుకు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం, తటాకం అనే సప్తసంతానాల్లో అదొకటి. పోయాక పేరు నిలిపేవి ఇవేనని నాటివారి నమ్మకం. పుణ్యంతోపాటు రాబడి కూడా ఉండేది. చెరువు కట్టించి బాగోగులు చూసేవారికి దాని కింద సాగయ్యే భూమిలో కొంత దశబంధ మాన్యంగా వచ్చేది. భక్తి, పెట్టుబడి, పెద్దరికం మూడూ ఒక్క కట్టలో కలిశాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన చెరువుల పూడికతీత పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది ఈ జ్ఞాపకంతోనే.

గుడికి ఇచ్చిన పశువుల కథ కూడా చెప్పుకోదగ్గది. అఖండ దీపానికి దాత సాధారణంగా పాతిక ఆవులనో, యాభైకి అటూఇటూగా గొర్రెలనో ఇచ్చేవాడు. వాటిని ఒక బోయకు అప్పగించేవారు. అతను మందను మేపుకుంటూ రోజూ మానెడు నెయ్యి గుడికి కొలవాలి. చచ్చినవి పోగా పుట్టినవాటితో మంద లెక్క తగ్గకుండా చూడాలి. ఆ బాధ్యత కొడుకులకు, మనవలకు సంక్రమించేది. ద్రాక్షారామం వంటి ఆలయాల శాసనాల్లో ఇలాంటి ఏర్పాట్లు కోకొల్లలు. అడవి అంచున మందలు తోలుకుని తిరిగే కుటుంబాలు ఇలా ఒక గుడికి, ఒక ఊరికి, ఒక రోజువారీ కొలతకు కట్టుబడ్డాయి. యుద్ధం లేకుండానే ఒక సంచార సమూహం వ్యవసాయ సమాజంలో భాగమైంది.

మల్కాపురం స్తంభం

మతసంస్థ ఎంత లౌకికమైన పని చేయగలదో తెలుసుకోవడానికి మల్కాపురం శాసనాన్ని మించినది లేదు. దాని కాలం 1261. గణపతిదేవునికి దీక్ష ఇచ్చిన విశ్వేశ్వర శంభు గోళకీ మఠాచార్యుడు. ఆ మఠం మూలం నర్మదా తీరపు డాహల దేశంలో ఉంది. ఆచార్యుడు పుట్టింది గౌడదేశంలో. గణపతిదేవుడు కృష్ణ దక్షిణ తీరాన మందడం గ్రామాన్ని గురువుకు నోటిమాటగా ఇస్తే, కూతురు రుద్రమదేవి దానికి వెలగపూడిని కూడా చేర్చి శాసనం వేయించింది. ఈ రెండూ నేటి అమరావతి రాజధాని ప్రాంతంలోని ఊళ్లే. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది వెలగపూడిలోనే.

విశ్వేశ్వర శంభు అక్కడ గుడి, మఠం, సత్రం కట్టించి, ఒక కొత్త ఊరినే నిలిపాడు. ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలు అరవైని రప్పించి భూములిచ్చాడు. మిగిలిన భూమిని మూడు వంతులు చేసి, ఒకటి శివునికి, ఒకటి విద్యార్థులకూ శైవ మఠానికీ, మూడోది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విప్రసత్రాలకు కేటాయించాడు. వేదాలు చెప్పేవారికి, తర్క సాహిత్య ఆగమాలు బోధించేవారికి, వైద్యునికి, లెక్కలు రాసే కాయస్థునికి ఎవరెవరికి ఎంతో శాసనంలో ఉంది. కమ్మరి, వడ్రంగి, కంసాలి, కుమ్మరి, మంగలి వంటి వృత్తులవారికి, ఊరిని కాచే వీరభద్రులకు కూడా వాటాలున్నాయి. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని దాకా ఎవరొచ్చినా ఎప్పుడూ అన్నం పెట్టాలన్న నియమం ఉంది. ఆచార్యుడే దారి తప్పితే అతన్ని తొలగించి మరొకరిని నిలిపే అధికారం శైవ సంఘానికి ఇచ్చారు. పదమూడో శతాబ్దంలో బాలింతకు ఒక చోటు, రోగికి ఒక వైద్యుడు ఉండాలని రాతి మీద రాయించిన ఆ దృష్టి ఎంతో గౌరవించదగినది. అన్నం అందరికీ పెట్టిన ఆ సంస్థలో చదువు, ఆచార్య పీఠం మాత్రం కొందరివే అన్న సంగతినీ దానితోపాటే చెప్పాలి.

గుడి చుట్టూ అల్లుకున్న ఈ క్రమంలో ఓడరేవుకు కూడా చోటుంది. మోటుపల్లిలోని వీరభద్రాలయ స్తంభం మీద గణపతిదేవుడు 1244లో అభయశాసనం చెక్కించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోననీ అందులో మాట ఇచ్చాడు. దేశాంతర వర్తకుడికి రాజు ఇచ్చే హామీకి దేవుని ముంగిలి సాక్షి.

నాయకులను రాజుతో కట్టి ఉంచిన బంధం కూడా దానంలోనే కనిపిస్తుంది. ఏలికకు పుణ్యం కలగాలని కింది అధికారి గుడికి భూమి ఇవ్వడం నాటి ఆచారం. నల్గొండ ప్రాంతపు చందుపట్లలో 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికి, ఆమె సేనాపతి మల్లికార్జున నాయకునికి శివలోకప్రాప్తి కలగాలని సోమనాథ దేవరకు భూమి ఇచ్చాడు. తెలుగునేలను పాతికేళ్లకు పైగా ఏలిన రాణి ఎప్పుడు కన్నుమూసిందో తెలిసింది ఆ కొలువుకాడి దానపత్రం వల్లనే.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి లొంగిపోయింది. తరవాత అధికారంలోకి వచ్చినవారంతా చెప్పుకున్నది ఒకే మాట: చెడిన అగ్రహారాలను, ఆగిన పూజలను మళ్లీ నిలబెట్టామని. ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం అలాంటిదే. అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేముడు శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. ఈ నాయకులెవరూ రాచపుట్టుక పుట్టినవారు కాదు. వారి పాలనకు అర్హత పునరుద్ధరణ నుంచి వచ్చింది.

కొలువు వెలుపలి గొంతులు

రాజులు, మఠాలు కట్టిన క్రమాన్ని ప్రశ్నించిన నాయకత్వం కూడా మతంలోంచే పుట్టింది. 12వ శతాబ్దంలో కల్యాణంలో బసవేశ్వరుడు నడిపిన శివభక్తి ఉద్యమం కులభేదాన్ని నిరసించింది. దాన్ని తెలుగులోకి తెచ్చిన పాల్కురికి సోమనాథుడు రాజాస్థాన మార్గాన్ని విడిచి, జనం పాడుకునే ద్విపదలో బసవపురాణం రచించాడు. చాకలి, కుమ్మరి, వేటగాడు కావ్యంలో భక్తులుగా గౌరవం పొందారు. పల్నాటిలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారూ కలిసి తినే చాపకూడు నడిపాడని, మాల కులస్థుడైన కన్నమదాసును సేనానిగా నిలిపాడని వీరగాథ చెబుతుంది. కారంపూడిలో కార్తీకమాసంలో ఏటా జరిగే వీరుల ఉత్సవం ఆ స్మృతిని ఇప్పటికీ నిలుపుతోంది. పల్నాటి యుద్ధంలో బ్రహ్మనాయుని పక్షపు వీరులు చాలామంది నేలకొరిగారు. చాపకూడు ఒక శాశ్వత వ్యవస్థగా మిగల్లేదు. బసవేశ్వరుని బాటలో సాగిన వీరశైవం తనే ఒక కులంగా స్థిరపడింది. కులభేదాన్ని నిరసించే ఉద్యమం తరాలు దాటి అలాగే నిలవడం ఎంత కష్టమో ఈ రెండింటి గతి చూపుతుంది.

విజయనగరం, తిరుమల

విజయనగర రాజులు మతాల మధ్య తగవు తీర్చే పెద్దలుగా కూడా వ్యవహరించారు. 1368లో జైనులకూ శ్రీవైష్ణవులకూ వివాదం వస్తే, మొదటి బుక్కరాయలు జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, రెండు దర్శనాలకూ భేదం లేదని తీర్పు చెప్పాడు. జైనులు ఇంటికొక హణం చొప్పున ఇచ్చే సొమ్మును తిరుమల వైష్ణవ పెద్ద వసూలు చేసి, శ్రవణబెళగొళ దేవునికి ఇరవైమంది కావలివాళ్లను పెట్టాలని నిర్ణయించాడు. ఒక మతపు గుడికి రక్షణ బాధ్యత రెండో మతం వారికి అప్పగించిన ఈ ఏర్పాటు వట్టి ఉపదేశం కంటే ఎంతో లోతైన రాజనీతి.

15వ శతాబ్దం మధ్య నుంచి తిరుమల వైభవం పెరిగింది. సాళువ నరసింహుని కాలంలో కందాడై రామానుజయ్యంగారు రామానుజకూటాలనే అన్నసత్రాలను నిర్వహించాడు. వాటిలో బ్రాహ్మణేతర సాత్తాద వైష్ణవులకు చెప్పుకోదగ్గ స్థానం దక్కింది. భక్తులు ఇచ్చిన సొమ్మును ఆలయం పెట్టెలో దాచలేదు. దేవుని గ్రామాల్లో కాలువలు, చెరువులు తవ్వించడానికి ఖర్చుపెట్టింది. పెరిగిన పంటతో దాత పేరిట నైవేద్యం జరిగేది. ప్రసాదంలో నాలుగోవంతు దాతకు దక్కేది; దాన్ని అతను మఠానికో సత్రానికో రాసివ్వవచ్చు, అమ్ముకోనూవచ్చు. వానలు తక్కువైన రాయలసీమ అంచున ఇది ఎంతో తెలివైన నీటి పెట్టుబడి.

కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 మధ్య ఏడుసార్లు తిరుమల దర్శించాడు. కళింగ గజపతులతో యుద్ధం నడుస్తుండగానే 1515లో అమరావతిలో, 1516లో సింహాచలంలో దానాలు చేశాడు. శత్రురాజ్యపు దేవుణ్ణి కొలవడమంటే ఆ ప్రజలకు తానూ ప్రభువునేనని తెలియజెప్పడం. నీటి విషయంలో విజయనగర కాలపు మేటి ఉదాహరణ మాత్రం కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఆరు దోషాలు ఉన్నాయి. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని కూడా ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు. అమరావతి విధికుని తరవాత పన్నెండు వందల ఏళ్లలో శ్రమజీవి శాసనంలోంచి ఎంత దూరం జరిగాడో ఈ రెండు రాళ్లనూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

గోల్కొండ

గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియా ముస్లింలు. వారి ప్రజల్లో అత్యధికులు హిందువులు. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించాడు. కవులు అతన్ని మల్కిభరాముడని కీర్తించారు. అబుల్‌హసన్ తానీషా వద్ద మాదన్న ప్రధానిగా, అక్కన్న సేనావ్యవహారాల్లో పెద్దగా ఉన్నారు. వారి బంధువు కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉంటూ, సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండలో ఖైదు అనుభవించాడు. భద్రాద్రి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా నాటిదని సంప్రదాయం చెబుతుంది; పాలకులు ఎన్నిసార్లు మారినా అది ఆగలేదు. పల్లెల్లో మొహర్రం పీర్ల పండుగయింది. చాలా ఊళ్లలో పీరు ఎత్తేది, అగ్నిగుండం తొక్కేది హిందువులే. దర్బారు తెచ్చిన మతాచారాన్ని ఊరు తన పద్ధతిలో కలుపుకుంది.

చట్టం చేతికి

ఈస్టిండియా కంపెనీ 1801లో తిరుమల నిర్వహణను చేతిలోకి తీసుకుంది. దేవాలయాల ఆస్తులపై పర్యవేక్షణకు 1817లో మద్రాసు రెగ్యులేషన్ వచ్చింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనను నడపడమేమిటని ఇంగ్లండులో అభ్యంతరాలు రావడంతో 1843లో తిరుమలను హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. 1933లో అది దేవస్థాన కమిటీ చేతికి వచ్చింది. ఈలోగా రాజు స్థానంలోకి ధర్మకర్తలు, కమిషనర్లు, న్యాయస్థానాలు వచ్చాయి. గుడి ఎవరిది అన్న ప్రశ్నకు శాసనం బదులు చట్టం జవాబు చెప్పసాగింది.

ఆ చట్టాల్లో సామాజికంగా అన్నిటికంటే లోతైనది ఆలయ ప్రవేశ చట్టం. శతాబ్దాలుగా గుడి భూములు దున్ని, చెరువుగట్లు మోసి, గుడి గడప తొక్కలేకపోయినవారికి 1947 మద్రాసు చట్టం ఆ హక్కునిచ్చింది. 1939లో వచ్చిన తొలి చట్టం దానికి దారి తీసింది. 1987లో ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం అర్చకుల, ధర్మకర్తల వంశపారంపర్య హక్కులను రద్దుచేసింది. దాన్ని సవాలు చేస్తే సుప్రీంకోర్టు 1996లో చట్టాన్నే సమర్థించింది. ఇనాముల మీద బతికిన చిన్న గుళ్ల అర్చకులు వీధిన పడ్డారన్న ఆవేదన పెరగడంతో 2007లో చట్టాన్ని సవరించారు.